కప్పు దించే ముందు

శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఓడెల్ స్ట్రాండ్ తన ట్రక్కును రెండోసారి కడిగేశాడు. మొదటిసారి కడిగింది పొద్దున్నే. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం తూర్పు కొసన, ఎడారి ఊరికి నాలుగైదు మైళ్ల ఇవతలున్న ఆ ఇంటి దగ్గర కడిగిన బండి గంటసేపు తళతళలాడితే అదే గొప్ప. గాలి వీచిందంటే చాలు, తెల్లటి ఉప్పు దుమ్ము వచ్చి అద్దాల మీద పరుచుకుంటుంది. అయినా కొనేవాళ్లు వస్తున్నారంటే అరవై ఆరేళ్ల ముసలాడికి కూడా పెళ్లిచూపుల హడావుడి పట్టుకుంటుంది. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కాఫీ పెట్టి ఉంచాడు.

బండి నిజంగా మంచిదే. నాలుగు చక్రాలూ లాగే ట్రక్కు. ఇసుకలో దిగబడినా, బురదలో కూరుకుపోయినా మూలిగి మూలిగి బయటికొస్తుంది. దాని వీపు మీద క్యాంపర్ ఉంది. అంటే ఒక బుల్లి గది. అందులో గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, కూర్చోడానికి బల్ల, డ్రైవరు నెత్తి మీదికి అటకలా పొడుచుకొచ్చిన మంచం. దారిలో ఉన్నంతసేపూ ఆ గది కప్పు కిందికి దిగి మూత పెట్టినట్టుంటుంది. ఎక్కడైనా మకాం వేస్తే బండి వెనక మూలనున్న హ్యాండిల్ తిప్పాలి. కప్పు రెండడుగులు పైకి లేచి గుడ్డ గోడలు విచ్చుకుంటాయి, మనిషి లోపల నిటారుగా నిలబడొచ్చు. మళ్లీ బయల్దేరేటప్పుడు అదే హ్యాండిల్‌ని వెనక్కి తిప్పి కప్పు దించి, నాలుగు మూలలా కొక్కేలు బిగించుకోవాలి.

చిక్కేమిటంటే, హ్యాండిల్ తిప్పేవాడికి లోపల ఎవరున్నారో కనపడదు. అందుకే ఇలాంటి బండ్లు పెట్టుకున్న మొగుడూ పెళ్లాలకి వాళ్లదంటూ ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. ఓడెల్, అతని భార్య లవాన్‌ల ఏర్పాటు ఇదీ: దించే ముందు ఓడెల్ బయటినుంచి అరచేత్తో గోడ మీద రెండు దెబ్బలు వేస్తాడు, దించుతున్నానోయ్ అని. లోపలున్న లవాన్ మంచం మీది సామాను సర్ది, కిందికి దిగి, గోడ మీద ఒక్క దెబ్బ వేస్తుంది, కానీయ్ అని. ముప్పై ఏళ్లలో ఆ ఒక్క దెబ్బ వినకుండా ఓడెల్ కప్పు దించింది ఒకే ఒక్క రోజు.

లవాన్ పోయిన అక్టోబరులో చనిపోయింది. కొండల అవతల ఎండు చెరువు పక్కన మకాం వేసినప్పుడు నిద్దట్లోనే గుండె ఆగిపోయిందని ఓడెల్ చెప్పాడు, ఊరు నమ్మింది. ఎందుకు నమ్మదు? ఆమెది ముందునుంచీ అంతంతమాత్రపు గుండె. డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. ఊళ్లోని ఆడవాళ్లు నెలరోజులపాటు మూతలు పెట్టిన గిన్నెల్లో వేడివేడిగా తిండి తెచ్చిచ్చి, పాపం ఓడెల్ అన్నారు.

బండి ఏడాదిపాటు కొట్టాంలోనే పడుంది. పోయిన వారం అమ్మకానికి ఫొటోలు తియ్యాలని ఓడెల్ దాన్ని బయటికి తీసి, కప్పు లేపాడు. మూసిపెట్టిన పెట్టె వాసన వచ్చింది. ఆ వెనకే, చాలా పల్చగా, లవాన్ రాత్రిళ్లు మోకాళ్లకి రాసుకునే కర్పూరం మందు వాసన. గబగబా నాలుగు ఫొటోలు తీసుకుని బయటపడ్డాడు. కప్పు దించబోతూ, అలవాటు కొద్దీ, గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. వేశాక తనలో తనే నవ్వుకున్నాడు, పిచ్చి ముండాకొడుకుని అని.

లోపల్నుంచి ఒక్క దెబ్బ వినపడింది.

రేకు చల్లబడితే చప్పుడు చేస్తుంది. ఓడెల్ ఆ మాట తనకి తాను పదిసార్లు చెప్పుకున్నాడు. అయితే ఆ రోజు ఎండ మండిపోతోంది, చల్లబడే రేకేదీ అక్కడ లేదు. కప్పు దించి, కొక్కేలు బిగించి, వంటింట్లో కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు. తర్వాత ప్రకటనలో ధర రెండు వేల డాలర్లు తగ్గించి రాశాడు. "బాగా చూసుకున్న బండి. టైర్లు కొత్తవి. క్యాంపర్ లోపల కప్పుకి కొత్త అస్తరు." మంచు పడేలోపు ఎవరో ఒకరు దాన్ని తోలుకుపోతే చాలు. తనని ఎవరూ ఏమీ అడక్కుండా తోలుకుపోతే అంతకన్నా ఇంకేం అక్కర్లేదు.

నాలుగింటికి వాళ్లొచ్చారు, అక్కా తమ్ముడూ. అక్క పేరు మారెన్ ఆస్ట్‌బీ, ముప్పై దాటి ఉంటాయి, బక్కగా, ఎండకి కమిలిపోయి ఉంది. జమ్ముగడ్డి పెరిగే చిత్తడి నేలల్లో పక్షుల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. సోమవారంనుంచి వసంతం దాకా ఒక్కతే ఆ క్యాంపర్లో ఉండాలట. తమ్ముడు టెవిస్ మెకానిక్కు. దిగీ దిగగానే బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏం పెద్దాయనా, ఇంత చవగ్గా ఇస్తున్నావంటే కింద ఏదో దాచే ఉంటావు."

"దూరి చూసుకో నాయనా. ఏమన్నా దొరికితే నాకూ చెప్పు."

టెవిస్ నిజంగానే వెల్లకిలా పడుకుని బండి కిందికి పాకాడు. కిందనుంచే వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. "తుప్పు లేదక్కా. నూనె చుక్క కూడా కారట్లేదు. ఈ బండి మన కుటుంబం మొత్తం కన్నా శుభ్రంగా ఉంది."

"నువ్వు స్నానం చేస్తే ఆ లెక్క మారుద్దిలే," అంది మారెన్.

ఓడెల్ నవ్వాడు. నవ్వి చాలా రోజులైంది. పీడ విరగడయ్యే ఘడియ వచ్చిందనిపించింది. కప్పు పైకి లేపి, మారెన్‌ని లోపలికి తీసుకెళ్లి పొయ్యి ఎలా వెలిగించాలో, నీళ్లు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో చెప్పాడు. రెండు దెబ్బలు, ఒక దెబ్బ ఏర్పాటు కూడా చెప్పాడు. "మేము ఇట్లా చేసేవాళ్లం. నువ్వొక్కదానివే ఉంటావు గనక నీకు అక్కర్లేదనుకో."

"మేము అంటే?"

"నేనూ, మా ఆవిడ. పోయింది పాపం. గుండెజబ్బు."

"అయ్యో," అంది మారెన్. ఆ పిల్ల మంచిది. ఆ మాట మర్యాదకి అన్నట్టు లేదు. తర్వాత తలెత్తి, మంచం పైనున్న కప్పు వైపు చూసింది. "అస్తరు భలే నున్నగా ఉందండీ. మీరే వేశారా?"

"నేనే."

"పాతదేమైంది?"

"చిరిగింది," అన్నాడు ఓడెల్. అది అబద్ధం కాదు.

మారెన్ బూట్లు విప్పి అటక మంచం మీదికి ఎక్కింది. "ఆరు నెలలు వీపు ఆనాల్సిన చోటు కదా, కాసేపు పడుకుని చూస్తాను. మీరు వెళ్లండి, మా వాడు ఈలోపు మీ ఇంజను విప్పేస్తాడు."

బయట టెవిస్ అప్పటికే బానెట్ లేపి లోపల తల దూర్చి ఉన్నాడు. ఇద్దరూ ఓ పావుగంట గాలి, నూనె, పెట్రోలు మాట్లాడుకున్నారు. ఎండ పచ్చబడింది. గాలి పూర్తిగా పడిపోయింది. దూరంగా రోడ్డు మీద లారీ ఒకటి పోతే దాని చప్పుడు చాలాసేపు వినపడింది.

"ఆ కప్పు సంగతి చూపించు పెద్దాయనా, ఒకసారి నేను దించి చూస్తా," అన్నాడు టెవిస్.

"మీ అక్క దిగిందో లేదో." ఓడెల్ క్యాంపర్ పక్కకెళ్లి గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

వెంటనే లోపల్నుంచి ఒక్క దెబ్బ. గట్టిగా, స్పష్టంగా.

"అప్పుడే నేర్చేసుకుంది," అని నవ్వాడు టెవిస్. ఓడెల్ కూడా నవ్వాడు. ఇందులో వాళ్ల తప్పేముంది? చెప్పింది ఇప్పుడే, జవాబొచ్చింది ఇప్పుడే. ఎవరైనా అదే అనుకుంటారు. టెవిస్ వెనక మూలకెళ్లి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాడు. తీగలు కిర్రుమన్నాయి. కప్పు ముందువైపు కాస్త, వెనకవైపు కాస్త, నెమ్మదిగా దిగసాగింది. గుడ్డ గోడలు ముడతలు పడుతున్నాయి. గుడ్డ బయటికి ఉబ్బకుండా లోపలికి తొయ్యాలని ఓడెల్ ముందువైపుకి వెళ్లాడు, మంచం ఉన్న వైపుకి.

అక్కడ గుడ్డ మీద ఒక చెయ్యి ఆని ఉంది.

లోపల్నుంచి. అరచెయ్యీ, ఐదు వేళ్లూ. గుడ్డని బయటికి తోస్తూ ఉంది.

ఓడెల్ చూస్తూ నిలబడ్డాడు. ఆపు అనాలి. ఒక్క మాట, రెండక్షరాలు. నోరు తెరిచాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగింది. చెయ్యి మూసుకుంది... తెరుచుకుంది. లోపల ఏదో గొంతు... పరుపులో మూతిపెట్టి అరిచినట్టు. ఇంకో చుట్టు. ఆ గొంతు అతనికి కొత్త కాదు. ఏడాదినుంచి రోజూ నిద్దట్లో వింటున్నదే. ఇంకో చుట్టు...

"ఆపు!" అని కేకేశాడు. "ఆపరా! లేపు! పైకి లేపు!"

టెవిస్ బెదిరిపోయి హ్యాండిల్ వదిలేయబోయి, మళ్లీ పట్టుకుని ఎదురువైపు గిర్రున తిప్పాడు. కప్పు లేచింది. తలుపు తోసుకుని మారెన్ మెట్టు మీదికొచ్చి, బూట్లు లేకుండానే నేల మీద కూలబడింది. ముఖంలో రక్తం లేదు. దుమ్ములో రెండు చేతులూ ఆనించి ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయింది.

"అక్కా! ఏంటక్కా, నువ్వే కదా కానీయ్ అని కొట్టావు!"

"నేను కొట్టలేదురా."

"ఇద్దరం విన్నాం!"

"నేను కొట్టలేదు," అంది మళ్లీ, ఈసారి తమ్ముడి వైపు కాక ఓడెల్ వైపు చూస్తూ. "టెవిస్, లోపలికెళ్లి నాకు కాస్త మంచినీళ్లు పట్రా."

టెవిస్ ఇంట్లోకి పరిగెత్తాడు. పెరట్లో ఇద్దరే మిగిలారు. మారెన్ లేవలేదు. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"కాస్త కునుకు పట్టింది. కప్పు కదిలితే మెలకువ వచ్చింది. గోడ వైపు దిండు ఉందనుకున్నాను. కాదు. ఆవిడ గోడ వైపుకి జరిగి నాకు చోటిచ్చింది."

ఓడెల్ క్యాంపర్ వైపు చూశాడు.

"నేను అరిచాను. అప్పుడు చెవి దగ్గర... చాలా మెల్లగా... 'అరవకు తల్లీ, ఎంత అరిచినా వినడు' అంది."

వంటింట్లో టెవిస్ కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

"ఎవరండీ ఆవిడ?"

ఓడెల్ గొంతు సవరించుకున్నాడు. చెప్పాలంటే ఎంతసేపు? పోయిన అక్టోబరు. ఎండు చెరువు. పొద్దున్నే చిన్న తగువు. లవాన్ ఇంకో రోజు ఉందామంది, మంచు పడేలా ఉంది పోదాం పదమన్నాడు ఓడెల్. నీ ఇష్టం, నువ్వు పో, నేను నడిచొస్తానంది. కోపమొస్తే ఆమె అంతే, నిజంగానే రోడ్డు పట్టుకుని నడిచిపోయేది, అరమైలు పోయాక ఓడెల్ బండి ఆపి ఎక్కించుకునేవాడు. ఆ రోజూ అంతే అనుకున్నాడు. చెరువు గట్టుకెళ్లి వచ్చేసరికి క్యాంపర్లో అలికిడి లేదు. గోడ మీద రెండు దెబ్బలు వేశాడు. జవాబు లేదు. ఓహో, వెళ్లిపోయావా, వెళ్లు అని కప్పు దించి, కొక్కేలు బిగించి, తలుపుకి బయట గొళ్లెం పెట్టి బండి కదిల్చాడు. నిజానికి ఆమె ఎక్కడికీ పోలేదు, అలిగి, నిద్రమందు వేసుకుని, దుప్పటి ముసుగుపెట్టి లోపల అటక మంచం మీద పడుకుంది.

రోడ్డు మీద ఆమె కనపడలేదు. వేటకొచ్చినవాళ్లెవరో ఎక్కించుకుపోయి ఉంటారనుకుని, మరింత మండిపడ్డాడు. నలభై మైళ్ల గతుకుల దారి. నెత్తిమీద ఏదో టకటకా కొట్టుకుంటోంది. కెటిలు, అనుకున్నాడు. దాన్ని అలమరలో బిగించి పెట్టమని వందసార్లు చెప్పాను, వింటుందా అనుకున్నాడు. రేడియో చప్పుడు పెంచాడు. ఇరవయ్యో మైలు దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు.

ఇంటికొచ్చి కప్పు లేపాక చూశాడు. అస్తరు పీలికలై వేలాడుతోంది. డాక్టరుకి ఫోను చేసేముందు ఓడెల్ ఆమె చేతులు కడిగాడు, గోళ్లు కత్తిరించాడు. పాత అస్తరు పీకి, పెరట్లో పీపాలో వేసి తగలబెట్టాడు. ఈ సంగతి లోకంలో అతనొక్కడికే తెలుసు. తలుచుకుంటే అతనికి ఏడుపు రాదు, సిగ్గు వస్తుంది. సిగ్గు వల్లే ఇంతకాలం నోరు మెదపలేదు.

"చెప్పండి," అంది మారెన్. ఆమె గొంతులో కోపం లేదు. "ఏదైనా సరే ఫర్వాలేదు. పొరపాట్లు జరుగుతాయి. మీరు చెబితే ఈ బండి కొంటాను. ఎవరితోనూ అనను. ఎవరో ఒకరికి చెప్పాలి కదా మీరు?"

ఇంత తేలిగ్గా అడిగిన మనిషి ఇంకొకరు దొరకరని ఓడెల్‌కి తెలుసు. పెదవుల దాకా వచ్చింది కూడా. ఆ రోజు అనే మాట నాలుక మీదే ఉంది.

"కలొచ్చి ఉంటుందమ్మా," అన్నాడు. "మా ఆవిడ నిద్దట్లో పోయింది. ఏ బాధా లేకుండా పోయింది."

మారెన్ చేతుల దుమ్ము దులుపుకుంది. "నేను పక్షుల్ని లెక్కపెడతాను. అదే నా పని. దేన్ని చూసినా, విన్నా లెక్క దానంతటదే నడుస్తుంది. నేను అరవడం మొదలుపెట్టాక హ్యాండిల్ మూడు చుట్లు తిరిగింది. మీరు నా చెయ్యికి ఎదురుగానే ఉన్నారు. గుడ్డలోంచి మీ నీడ కనపడింది."

టెవిస్ నీళ్లు తెచ్చాడు. ఇక్కడొద్దు పోదాం పదక్కా అన్నాడు. ముసలాడి బండీ వద్దు, వాడి ఏర్పాట్లూ వద్దు అన్నాడు. మారెన్ నీళ్లన్నీ తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, బూట్లు వేసుకుంది.

"తీసుకుందాంరా. సోమవారానికి నాకు ఇంకో బండి ఎక్కడ దొరుకుద్ది?"

"నీకు పిచ్చెక్కిందా? ఇంకా ఒణుకుతున్నావు!"

"ఆవిడ నన్నేమీ చెయ్యలేదు," అంది మారెన్. "చోటిచ్చింది."

ఏం మాట్లాడుతుందో టెవిస్‌కి అర్థం కాలేదు. దిమ్మ తిరిగి మాట్లాడుతోందనుకుని ఊరుకున్నాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి. బ్యాంకు చెక్కు ఓడెల్ జేబులోకి, తాళాలు మారెన్ చేతిలోకి వెళ్లాయి. కప్పు ఆమే దించింది, లోపల మూలమూలా చూసుకుని. కొక్కేలూ ఆమే బిగించింది. టెవిస్ తన కారెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.

మారెన్ మాత్రం వెంటనే ట్రక్కెక్కలేదు. వెనక్కొచ్చి, క్యాంపర్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని పక్కకి జరిగి నిలబడింది. బస్సు కండక్టరు అడిగినంత మామూలుగా, మర్యాదగా, ఆ చీకటి గదిలోకి చూస్తూ అంది:

"మేం బయల్దేరుతున్నామండీ. దిగేవాళ్లుంటే దిగండి."

ఓడెల్ వరండా మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. గాలి లేదు. ఎండుగడ్డి పరక కూడా కదలడం లేదు. లోపల ఏ అలికిడీ లేదు... ఇంతలో క్యాంపర్ వెనక మెట్టు చిన్నగా కుంగింది. ట్రక్కు వెనకభాగం ఒక వేలెడు దిగి, మళ్లీ పైకి లేచింది. ఎవరో మోకాళ్ల నొప్పితో, ఆచితూచి దిగినట్టు.

మారెన్ తలుపు మూసి గొళ్లెం పెట్టింది. ఓడెల్ వైపు తిరిగింది. "ఇంక మీరూ, ఆవిడా చూసుకోండి," అని బండెక్కి వెళ్లిపోయింది.

దుమ్ము సర్దుకునేదాకా ఓడెల్ మెట్ల మీదే ఉన్నాడు. ట్రక్కు నిలబడిన చోట తడి నేల మీద రెండు చక్రాల గాడులున్నాయి. వాటి దగ్గర్నుంచి ఇంటిదాకా దుమ్ము మీద ఏవైనా అడుగులున్నాయా అని చూడబోయి, వద్దనుకున్నాడు. లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. జేబులో చెక్కు తడుముకున్నాడు. అయిపోయింది, అనుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండానే అయిపోయింది. గుండె మీది బరువు దిగినట్టు అనిపించి, సూపు డబ్బా ఒకటి తెరిచి వేడి చేసుకుని, ఆకలిగా తాగాడు. ఏడాదిలో అంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదు.

కిటికీలో కొండలు నీలంగా మారుతుండగా ఫోను మోగింది. మారెన్.

"సగం దూరం వచ్చామండీ, పెట్రోలు కోసం ఆగాం," అంది. గొంతు తేటగా ఉంది. "కప్పు లేపి లోపల పడుకుని చూశాను, కావాలనే. ఏమీ లేదు. మామూలు గది. ఇందాక లోపల తగిలిన కర్పూరం వాసన కూడా పోయింది. బండి కూడా తేలిగ్గా పరిగెడుతోంది. భయపెట్టి వచ్చాను కదా, చెబితే మీకు మనసు కుదుటపడుతుందనిపించింది."

"మంచిదమ్మా," అన్నాడు ఓడెల్.

"మీరు బాగానే ఉన్నారా?"

ఉన్నాననే అనబోయాడు. ఆ మాట బదులు ఇంకోటి గొంతులోకి వచ్చింది. చెప్పేద్దామా అనుకున్నాడు. ఆ పిల్ల వింటుంది. ఫోనులో అయితే ముఖం కూడా కనపడదు. "అమ్మాయ్, ఆ రోజు పొద్దున్న..."

"ఏంటండీ? సరిగ్గా వినపడట్లేదు."

"ఏం లేదు," అన్నాడు. "పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ కాస్త తెరిచి పెట్టుకో."

ఫోను పెట్టేశాడు. వంటింట్లో ఫ్రిజ్ మూలుగుతోంది. ఆ మూలుగు మధ్యలో కర్పూరం మందు వాసన తగిలింది. కడిగిన గిన్నె, సర్దిన కుర్చీ, అన్నీ మామూలుగానే ఉన్నాయి. అలసట వచ్చింది. రోజంతా నిలబడి నిలబడి నడుం పట్టేసింది. ఓడెల్ వంటింటి మధ్యలో నిలబడి, ఆవులిస్తూ, చేతులు రెండూ పైకెత్తి ఒళ్లు విరుచుకున్నాడు.

వేళ్లు ఇంటి కప్పుకి తగిలాయి.

ఆ ఇల్లు అతని తండ్రి కట్టించింది. స్ట్రాండ్‌లంతా పొడుగ్గా ఉంటారని గదులు తొమ్మిదడుగుల ఎత్తు పెట్టించాడు. బల్బు మార్చాలంటే ఓడెల్‌కి ఎప్పుడూ నిచ్చెన కావాల్సిందే. అతను చేతులు దించి, మళ్లీ ఎత్తాడు. ఈసారి వేళ్లు కాదు, అరచేతులు ఆనాయి. మోచేతులు వంగే ఉన్నాయి. సున్నం చల్లగా ఉంది. చేతుల కింద అది కదులుతోందో, తన చేతులే ఒణుకుతున్నాయో తెలియలేదు.

వీధి తలుపు దగ్గరికి వెళ్లాడు. నడుస్తుంటే దీపం నెత్తికి తగిలి ఊగింది. గడియ తీసి లాగాడు. తలుపు కదల్లేదు. పై చట్రం దిగి తలుపు మీద కూర్చుంది. బలమంతా పెట్టి లాగాడు. భుజంతో తోశాడు. కిటికీ తలుపు అంగుళం లేచి బిగిసిపోయింది. "ఎవరైనా..." అని ఒకసారి అరిచాడు. నాలుగు మైళ్ల లోపు ఇల్లన్నది లేదు. రెండోసారి అరవబోయి ఆగాడు. చెవి దగ్గర ఎవరో ఏదో అంటారేమోనని.

ఎవరూ ఏమీ అనలేదు.

మెడ వంచుకుని వంటింట్లోకి తిరిగొచ్చాడు. కుర్చీ లాక్కుని, దీపానికి తల తగలకుండా మెల్లగా కూర్చున్నాడు. కూర్చుంటే ఇంకా కాస్త చోటుంది.